బస్సు బయల్దేరే వేళ కూడా అచ్చు వేయండి

సంపాదకులకు నమస్కారం.

లావోస్ గురించి మన పత్రికల ప్రయాణాల పేజీల్లో ఏది వచ్చినా మూడు ఊళ్ల దగ్గరే ఆగిపోతోంది: వియంటియాన్, వాంగ్ వియెంగ్, లువాంగ్ ప్రబాంగ్. 2021 డిసెంబరు 3న లావోస్-చైనా రైలు మొదలయ్యాక ఈ వరస ఇంకా ఎక్కువైంది, ఎందుకంటే ఆ మూడూ ఒకే పట్టాల మీద ఉన్నాయి. రాజధానిని పక్కన పెడితే 17 ప్రావిన్సులున్న దేశం అది. పట్టాలకు తూర్పున ఉన్న షియెంగ్ ఖ్వాంగ్, హువాఫన్, ఉత్తరాన చిట్టచివర ఉన్న ఫోంగ్సాలీ మన అచ్చులో కనపడవు. తక్కువ డబ్బుతో ఒంటరిగా, స్థానిక బస్సుల్లో తిరగాలనుకునేవాళ్లకు అసలు విషయం అక్కడే ఉంది. వాళ్లకు పనికొచ్చే నాలుగు మాటలు రాయాలనే ఈ ఉత్తరం.

మీ వ్యాసాలన్నీ ‘ఎంత ఖర్చవుతుంది’ అన్న ప్రశ్నతో మొదలవుతాయి. ఆ కొండల్లో డబ్బుకంటే ముందు రోజులు అయిపోతాయి. ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి రోజు మొత్తానికి ఒకటో రెండో బస్సులు, అవీ చాలావరకు పొద్దున్నే. అది తప్పితే ఇంకో రాత్రి గది అద్దె, రెండు పూటల తిండి, వీసాలో ఒక రోజు పోతాయి. కాబట్టి లెక్క రోజుల్లో వేసుకోవాలి. లువాంగ్ ప్రబాంగ్ నుంచి షియెంగ్ ఖ్వాంగ్ ముఖ్యపట్టణం ఫోన్సవాన్‌కు దాదాపు 260 కిలోమీటర్లు, ఏడెనిమిది గంటలు. అక్కడి నుంచి హువాఫన్ ముఖ్యపట్టణం సామ్ నువాకు ఇంకో 240, అదీ ఇంచుమించు అంతసేపే. అక్కడి నుంచి పడమటికి నోంగ్ ఖియావ్, ఆపైన మువాంగ్ సాయ్, అక్కడి నుంచి ఎనిమిది తొమ్మిది గంటల్లో ఫోంగ్సాలీ. ప్రతి ఊళ్లో రెండేసి రోజులు ఉంటే, తిరిగి మువాంగ్ సాయ్‌లో రైలెక్కే దాకా రెండు వారాలకు పైనే పడుతుంది. దానికి మూడు ఖాళీ రోజులు కలపాలి. వానాకాలంలో, అంటే మే నుంచి అక్టోబరు దాకా, కొండచరియ విరిగి రోడ్డు మీద పడితే ఆ మూడూ ఒక్క చోటే ఖర్చయిపోతాయి. ఏప్రిల్ మధ్యలో వాళ్ల కొత్త సంవత్సరం. ఆ వారం బస్సులు నిండిపోతాయి, కొన్ని అసలు నడవవు. ఆ రోజుల్లో ఒక ఊరు పట్టుకుని ఉండిపోవడమే మంచిది.

సామ్ నువా నుంచి నోంగ్ ఖియావ్ దారి గురించి ఒక మాట. లువాంగ్ ప్రబాంగ్ వెళ్లే బస్సు ఎక్కి మధ్యలో దిగాలి. సాయంత్రం బస్సు ఎక్కితే అర్ధరాత్రి దాటాక, తలుపులన్నీ మూసిన ఊళ్లో దింపేస్తారు. పైగా ఘాట్ రోడ్డులో రాత్రి ప్రయాణం ప్రాణానికి మంచిది కాదు. మధ్యలో మువాంగ్ హియమ్ దగ్గర రాత్రికి ఆగితే వేడినీటి ఊటలూ ఉన్నాయి, మిగతా దారి పగటిపూట గడుస్తుంది. ఈ ఊరి పాత పేరు వియెంగ్ థోంగ్. అదే పేరుతో బొలిఖమ్‌సాయ్ ప్రావిన్సులో ఇంకో ఊరు ఉంది. టికెట్టు కిటికీ దగ్గర ప్రావిన్సు పేరు కూడా చెప్పకపోతే తిప్పలు తప్పవు.

పేర్ల తికమక ఇంతటితో ఆగదు. అక్కడివాళ్లు ముఖ్యపట్టణాన్ని చాలాసార్లు ప్రావిన్సు పేరుతోనే పిలుస్తారు. ఫోన్సవాన్ వెళ్లే బస్సు మీద షియెంగ్ ఖ్వాంగ్ అని, మువాంగ్ సాయ్ బస్సు మీద ఉదోమ్‌సాయ్ అని రాసి ఉంటుంది. మ్యాపులో చూసిన పేరు కోసమే వెతికేవాడి కళ్ల ముందు నుంచే బస్సు వెళ్లిపోతుంది. ఊరి పేరు, ప్రావిన్సు పేరు రెండూ లావో లిపిలో ఫోనులో దాచుకోవాలి. బస్టాండులో గోడ మీద వేళలూ ధరలూ ఉన్న బోర్డు ఉంటుంది, దిగగానే దాన్ని ఫొటో తీసుకోవాలి. మర్నాటి ప్రయాణం సంగతి ఆ సాయంత్రమే తేలిపోతుంది.

బస్టాండును సథానీ లొత్ మే అంటారు. ఆ సథానీ మన ‘స్థానం’ అన్న మాటకు చుట్టమే, వాళ్ల ‘ఫాసా’ మన భాషే. మామూలుగా జనం వాడే మాట మాత్రం ఖియూ లొత్. చాలా పట్టణాల్లో ఇవి ఊరి మధ్య ఉండవు, రెండు మూడు కిలోమీటర్లు బయట ఉంటాయి. పైగా ఒక్కో దిక్కుకు ఒక్కో స్టాండు. లువాంగ్ ప్రబాంగ్‌లో ఉత్తరానికి వెళ్లేవి ఒక చోట, దక్షిణానికి వెళ్లేవి ఒక చోట ఆగుతాయి. ఏ స్టాండో ముందురోజు గెస్ట్‌హౌస్‌లో అడిగి కాగితం మీద రాయించుకుంటే పొద్దున్నే టుక్‌టుక్ వాడితో గొడవ ఉండదు. మినీవ్యానులు సీట్లు నిండితే చెప్పిన వేళకన్నా ముందే కదులుతాయి. ముప్పావు గంట ముందు స్టాండులో ఉండాలి.

దగ్గర ఊళ్లకు సోంగ్‌థేవ్ ఉంటుంది: చిన్న ట్రక్కు వెనక ఎదురెదురుగా రెండు బల్లలు, పైన రేకు కప్పు, కప్పు మీద బియ్యం బస్తాలూ కోళ్ల గంపలూ. దానికి వేళంటూ లేదు, నిండితేనే బయల్దేరుతుంది. కొత్తవాళ్లు ఇక్కడే డబ్బు పోగొట్టుకుంటారు. ఖాళీ బండి దగ్గరికి వెళ్లి ఎంత అని అడిగితే, డ్రైవరు బండి మొత్తం అద్దెకు కావాలేమో అనుకుని ఆ ధర చెబుతాడు. అందులో మోసమేమీ లేదు. ముందు ఊరి పేరు చెప్పి, ఎప్పుడు కదులుతుందో కనుక్కుని, ఊరివాళ్ల పక్కన కూర్చోవాలి. దిగేటప్పుడు పక్కవాళ్లు ఎంత ఇస్తే అంత ఇవ్వాలి. మధ్యాహ్నం దాటితే జనం రారు, బండి నిండదు. సామ్ నువా నుంచి వియెంగ్ సాయ్ గుహలు 30 కిలోమీటర్లే కదా అని పదకొండింటికి లేచినవాళ్లకు వెళ్లడానికి బండి దొరికినా తిరిగి రావడానికి దొరకదు. 1964 నుంచి 1973 దాకా అమెరికా బాంబులు పడుతుంటే లావో కమ్యూనిస్టుల సంస్థ పథెట్ లావో నాయకత్వం ఆ సున్నపురాయి గుహల్లోనే ఉంది. ఆసుపత్రీ బడీ కూడా గుహల్లోనే నడిచాయి. అది తీరిగ్గా చూడాల్సిన చోటు. పొద్దున్నే వెళ్లాలి, కుదిరితే ఆ రాత్రి అక్కడే ఉండాలి.

పెద్ద బస్సులో సీట్లు నిండాక నడవలో చిన్న ప్లాస్టిక్ స్టూళ్లు వేస్తారు. ఆ స్టూలు మీద ఎనిమిది గంటల ఘాట్ రోడ్డంటే నడుం నిలవదు. వెనక సీట్లలో కుదుపు ఎక్కువ. టికెట్టు కిటికీ తెరవగానే కొనాలని చెప్పేది అందుకే. వాంతుల మాత్ర బయల్దేరడానికి గంట ముందే వేసుకోవాలి, కడుపులో తిప్పడం మొదలయ్యాక వేసుకుంటే అంతగా పనిచేయదు. సంచి బస్సు పైకెక్కుతుంది కాబట్టి 40 లీటర్లకు, 8 కిలోలకు మించకూడదు. బట్టలు ముందు మందపాటి ప్లాస్టిక్ కవర్లో కట్టి ఆ తర్వాత సంచిలో పెట్టాలి, లేకపోతే ఎండాకాలం ఎర్రదుమ్ము, వానాకాలం నీళ్లు లోపలికి దిగుతాయి. పాస్‌పోర్టు, డబ్బు ఒంటి మీదే. డిసెంబరు, జనవరిలో ఫోన్సవాన్, ఫోంగ్సాలీలలో చలి మామూలుగా ఉండదు. ఫోన్సవాన్ 1,100 మీటర్ల ఎత్తున, ఫోంగ్సాలీ 1,400 మీటర్ల ఎత్తున ఉన్నాయి. స్వెట్టరు లేకుండా వెళ్లకూడదు.

పాత గైడు పుస్తకాలు చూసి నమ్ ఊ నది మీద లువాంగ్ ప్రబాంగ్ నుంచి ఫోంగ్సాలీ దాకా పడవలో పోదామనుకునేవాళ్లు ఇంకా ఉన్నారు. ఆ నది మీద ఇప్పుడు ఏడు ఆనకట్టలున్నాయి. కింది నుంచి పైదాకా సాగే పడవ ప్రయాణం ముగిసిపోయింది. నోంగ్ ఖియావ్ నుంచి మువాంగ్ న్గోయ్‌కు గంట సేపటి పడవ మాత్రం ఇప్పటికీ ఉంది, అది వదులుకోవద్దు. నోంగ్ ఖియావ్ నుంచి మువాంగ్ సాయ్‌కు నేరుగా బండి దొరక్కపోతే పాక్ మోంగ్ కూడలి దాకా వెళ్లి అక్కడ మారాలి.

ఇక అన్నిటికన్నా గట్టిగా రాయాల్సింది బాంబుల గురించి. 1964-73 మధ్య లావోస్ మీద 20 లక్షల టన్నులకు పైగా బాంబులు కురిశాయి. క్లస్టర్ బాంబుల నుంచి రాలిన చిన్న గుండ్లే 27 కోట్లని అంచనా, వాటిలో మూడో వంతు దాకా పేలలేదు. టెన్నిస్ బంతంత ఉండే ఆ గుండును అక్కడ ‘బొంబీ’ అంటారు. షియెంగ్ ఖ్వాంగ్, హువాఫన్ నేలల్లో అవి ఇంకా ఉన్నాయి, ఇప్పటికీ ప్రాణాలు తీస్తున్నాయి. ఫోన్సవాన్ చుట్టుపక్కల రాతి జాడీల మైదానానికి 2019లో యునెస్కో వారసత్వ గుర్తింపు వచ్చింది. అక్కడ నేలలో పాతిన చిన్న పలకలు కనపడతాయి, ఒక వైపు తెలుపు, ఒక వైపు ఎరుపు. తెలుపు వైపు నేల లోపలి దాకా వెతికి బాంబులు తీసేశారని అర్థం. ఎరుపు వైపు అడుగు పెట్టకూడదు, ఫొటో కోసమైనా సరే. పలకలు లేని చోట నలుగురూ నడిచిన బాట వదలకూడదు. బస్సు దారిలో ఆగినప్పుడు మూత్రానికి పొదల్లోకి వెళ్లకూడదు, రోడ్డు అంచునే ఉండాలి. మొహమాటం కన్నా కాలు ముఖ్యం. నేల మీద నిప్పు రాజేయకూడదు, తుప్పు పట్టిన ఇనుమేది కనపడినా చేత్తో ముట్టకూడదు. మొదటి జాడీల స్థలం ఊరికి పది కిలోమీటర్ల లోపే. రెండు, మూడు స్థలాలకు బస్సు లేదు, నలుగురు కలిసి టుక్‌టుక్ మాట్లాడుకోవాలి. బైకు అద్దెకు తీసుకునేవాళ్లు ముందు తమ బీమాలో బైకు ప్రమాదానికి డబ్బు వస్తుందో లేదో చదువుకోవాలి. పెద్ద దెబ్బ తగిలితే చాలామందిని సరిహద్దు దాటించి థాయిలాండ్ ఆసుపత్రులకు తీసుకెళ్తారు, ఆ ఖర్చు మామూలుది కాదు.

డబ్బు సంగతి. అక్కడి డబ్బు కిప్. 2020లో డాలరుకు 9,000 కిప్‌ల దగ్గరున్న మారకం 2023కల్లా 20,000 దాటింది. కాబట్టి నెల, సంవత్సరం లేకుండా అచ్చయిన ఏ ధరా పనికిరాదు. లక్ష కిప్‌లంటే ఉజ్జాయింపుగా 400 రూపాయలని గుర్తుంచుకుంటే సంతలో తడబాటు ఉండదు. అంగడివాళ్లు ‘వేలు’ అన్న మాట మింగేసి ‘సావ్’ అంటారు, అంటే ఇరవై, అంటే 20,000. ఏటీఎంలో ఒక్కసారికి వచ్చేది తక్కువ, ప్రతిసారీ రుసుము పడుతుంది. లువాంగ్ ప్రబాంగ్‌లోనే సరిపడా తీసుకుని, మడత పడని కొన్ని డాలరు నోట్లు విడిగా ఉంచుకోవాలి. మిగిలిన కిప్‌లు దేశం దాటకముందే మార్చుకోవాలి, బయట వాటిని ఎవరూ తీసుకోరు.

శాకాహారులు ‘బొ సై సిన్’ అంటే మాంసం వేయరు కానీ పాదేక్ వేస్తారు. అది పులియబెట్టిన చేప. ‘బొ సై పాదేక్’ అని విడిగా చెప్పాలి. ఖావ్ నియావ్ అనే జిగురన్నం ప్రతి సంతలోనూ దొరుకుతుంది, సాయంత్రం దాకా పాడవదు. దానికి మన కందిపొడో కారప్పొడో తోడైతే బస్సులో భోజనం అయిపోయినట్టే. ఆవకాయ మాత్రం వద్దు, బస్సు పైన సంచి నలిగితే నూనె కారి బట్టలన్నీ పాడవుతాయి.

ఇ-వీసా 30 రోజులకు ఇస్తారు. అది అన్ని సరిహద్దు ద్వారాల్లోనూ చెల్లదు. వియత్నాం వైపు నుంచి కొండల్లోని చిన్న ద్వారం గుండా రావాలనుకునేవాళ్లు ఆ ద్వారం జాబితాలో ఉందో లేదో చూడకుండా బస్సెక్కితే, వెనక్కి పోవడానికి ఆ రోజు బస్సు కూడా ఉండదు. ప్రవేశ ముద్ర పడిందా, తేదీ సరిగ్గా ఉందా అన్నది బల్ల దగ్గర నిలబడే చూసుకోవాలి.

ఇవన్నీ ప్రతి వ్యాసంలోనూ రాయమని అడగడం లేదు. ఏ ఊరి గురించి వేసినా కింద మూడు వరసలు చాలు: బస్సు ఏ స్టాండు నుంచి, ఆఖరి బస్సు ఎన్నింటికి, ధరలు ఏ నెలవి. పక్కన చిన్న గడిలో ఆ ఊరి పేరూ ప్రావిన్సు పేరూ అక్కడి లిపిలో వేయండి. కత్తిరించి పాస్‌పోర్టు కవర్లో పెట్టుకుంటారు.

ఇట్లు,
ఒక పాఠకురాలు