అనంతపురం గిటారు మిత్రులకు కృతజ్ఞతలు

మన గిటారు బృందంలోని అందరికీ నమస్కారం. నా గిటారు మళ్ళీ పలుకుతోంది. ఈ సంగతి కొందరికి ఫోనులో చెప్పాను. కానీ నలుగురిలో చెప్పవలసిన మాటలు ఇంకా ఉన్నాయి కాబట్టి ఇలా రాస్తున్నాను.

మీతో చేరేనాటికి ఫింగర్‌స్టైల్, అంటే తీగలను వేళ్ళతో విడివిడిగా మీటుతూ వాయించడం, నాకు కొత్త కాదు. బెంగళూరులో ఉద్యోగం చేసిన రోజుల్లో నేర్చుకున్నాను, అక్కడి చిన్న చిన్న వేదికల మీద వాయించాను. అమ్మను చూసుకోవడానికి అనంతపురం వచ్చేశాక నా సంగీతం ఇంటి నాలుగు గోడలకే పరిమితమైంది. అమ్మ నిద్రపోయాక తలుపు దగ్గరగా వేసుకుని నా కోసం నేను వాయించుకునేదాన్ని. బాగుందనేవాళ్ళు లేరు, బాగాలేదనేవాళ్ళూ లేరు. గిటారు నేర్చుకునేవాళ్ళు కొందరు సాయంత్రాలు ఫోనులో వీడియో ద్వారా, వీలున్న ఆదివారాలు ఒకరింటి మేడ మీద కలుస్తారని విని, నన్నూ చేర్చుకుంటారా అని అడిగాను. మీలో ఒక తమ్ముడు మొహమాటపడుతూ, "అక్కా, మా దగ్గర మీకు నేర్చుకోవడానికి ఏముంది?" అన్నాడు. ఆ తమ్ముడు వడ్రంగి. నా గిటారుకు ప్రాణం పోసింది అతనే.

ఎండాకాలం మన ఊరు ఎలా ఉంటుందో మీకు నేను చెప్పనక్కర్లేదు. ఏడాది మొత్తానికి సగటున సుమారు 550 మిల్లీమీటర్ల వాన పడే జిల్లా మనది. గిటారుకేమో గాలిలో తేమ 45 నుంచి 55 శాతం మధ్య ఉండాలి. అంతకంటే బాగా తగ్గితే చెక్క ముడుచుకుపోతుంది, మెడ మీద అడ్డంగా ఉండే లోహపు కడ్డీల, అంటే ఫ్రెట్ల, కొసలు అంచున బయటికి పొడుచుకొచ్చి చేతికి గుచ్చుకుంటాయి, పైపలక లోపలికి దిగుతుంది, తీగలు ఫ్రెట్లకు తగిలి గరగరమంటాయి. ఈ వేసవిలో ఒక సాయంత్రం పెట్టె తెరిచేసరికి తీగలు కట్టే బ్రిడ్జి కింద నుంచి అంచు దాకా పైపలక నిలువునా పగిలి ఉంది. వెంట్రుకవాసి బీటే, కానీ వేలితో తడిమితే తెలుస్తోంది. ఆ రాత్రి వీడియోలో మీకు చూపించేటప్పుడు నా గొంతు వణికింది. మీరెవరూ "అయ్యో" అని ఊరుకోలేదు. పదిమంది పది దారులు వెతికారు.

వడ్రంగి తమ్ముడు మర్నాడే పని ముగించుకుని వచ్చాడు. గిటారు లోపలికి టార్చి వేసి, చిన్న అద్దం పెట్టి, పైపలక అడుగున అతికించిన చెక్క బద్దలన్నీ ఒక్కొక్కటీ వేలితో తట్టి చూశాడు. "ఈ తీగలన్నీ కలిసి ఎంత లాగుతాయి అక్కా?" అని అడిగాడు. మామూలు స్టీలు తీగలైతే ఆరూ కలిసి దాదాపు 70 కిలోలు అన్నాను. "అయితే పొద్దస్తమానం ఒక మనిషి దీని మీద నిలబడి ఉన్నట్టే కదా! ముందు ఆయన్ను దించుదాం" అంటూ తీగలన్నీ వదులు చేశాడు.

నేను వెంటనే జిగురు పెడతాడనుకున్నాను. పెట్టలేదు. ఎండి ముడుచుకున్న చెక్కను అలాగే అతికిస్తే, వానాకాలంలో అది తేమ తాగి ఉబ్బినప్పుడు మరోచోట ఒత్తిడి పడుతుందన్నాడు. రెండు ప్లాస్టిక్ సబ్బుపెట్టెలు తెప్పించి, కాల్చిన మేకుతో మూతల నిండా చిల్లులు పెట్టాడు. తడిపి గట్టిగా పిండిన స్పాంజి ముక్కలు వాటిలో ఉంచి, ఒకటి గిటారు తల దగ్గర, ఒకటి నడుము దగ్గర పెట్టి పెట్టె మూశాడు. నీరు ఒక్క చుక్క కూడా చెక్కకు తగలకూడదు, లోపలి గాలికి మాత్రమే తేమ అందాలి. రోజూ దుకాణం కట్టేసి ఇంటికి వెళ్తూ ఆగి, స్పాంజి తడిపి, బీట మీద వేలు పెట్టి చూసి వెళ్ళేవాడు. ఎవరూ ముట్టుకోకుండానే బీట దానంతటదే మూసుకుంది. అప్పుడు తీశాడు జిగురు. లోపల ఒకటి, బయట ఒకటి చొప్పున అయస్కాంతాల జతలు పెట్టి రెండు అంచులనూ సమానం చేశాడు. లోపలి వైపు బీట పొడవునా గోరంత చెక్కముక్కలు అతికించాడు. వాటి నార బీటకు అడ్డంగా ఉండాలట, అప్పుడే పలక మళ్ళీ చీలదు. చెయ్యి పట్టని ఆ సౌండ్‌హోలులోంచి, అంటే పైపలక మధ్యనున్న రంధ్రంలోంచి, అద్దంలో చూసుకుంటూ అంత పని చేసినవాణ్ణి చూస్తూ నేను అలా కూర్చుండిపోయాను. డబ్బు ఇవ్వబోతే రెండు చేతులూ వెనక్కి పెట్టుకున్నాడు. తమ్ముడూ, ఆ పనికి వెల కట్టడం నా వల్ల కాదు, నీకు నా నమస్కారం.

గిటారు పెట్టెలో ఉన్నన్నాళ్ళు నా చేతులు ఖాళీగా ఉండకూడదని నర్సింగ్ చదువుతున్న మన చెల్లెలు తన నైలాన్ తీగల గిటారు తెచ్చి ఇచ్చింది. పరీక్షల కాలం, తనకు మనసు తేలికపరుచుకునే సాధనం అదొక్కటే. అయినా ఇచ్చింది. నా గిటారు మెడ పైకొసన వెడల్పు 43 మిల్లీమీటర్లు, దానిది 52. తీగల మధ్య అంత చోటు దొరికేసరికి నా కుడిచేతి వేళ్ళు నెమ్మదించాయి, ప్రతి స్వరమూ విడివిడిగా వినిపించడం మొదలైంది. ఇన్నేళ్ళ అలవాటులో నేను పట్టించుకోని సంగతి అది. చెల్లీ, నీ గిటారు తిరిగి ఇచ్చేశాను గానీ అది నేర్పినది నా దగ్గరే ఉంది.

ఇక బొటనవేలి సంగతి. అమెరికాలోని కెంటకీకి చెందిన గిటారిస్టు మెర్ల్ ట్రావిస్ పేరుతో పిలిచే పద్ధతిలో బొటనవేలు మంద్ర తీగల మీద ఆగకుండా ఒకటి విడిచి ఒకటి మీటుతూ ఉంటుంది, చూపుడువేలూ మధ్యవేలూ పైతీగల మీద పాట వాయిస్తాయి. నేను వాయించగలను. కానీ ఎలా వాయిస్తున్నానో చెప్పమంటే నోట మాట రాలేదు. మృదంగం నేర్చిన మన మాస్టారు కాసేపు నా చెయ్యి చూసి, తొడ మీద తాళం వేస్తూ, "తకధిమి అనుకోమ్మా. త, ధి బొటనవేలికి, క, మి వేళ్ళకు" అన్నారు. అంతే, మేడ మీద ఉన్నవాళ్ళందరికీ ఒక్కసారిగా అర్థమైంది. ముందు నోటితో చెప్పించి, తర్వాత వేళ్ళతో గిటారు పెట్టె మీద కొట్టించి, చివరికి తీగల మీదికి తెచ్చారు. వీడియోలో ధ్వని కాస్త ఆలస్యంగా చేరుతుంది కాబట్టి అక్కడ అందరం కలిసి వాయించడం కుదరదు, ఒకరు వాయిస్తే మిగతావాళ్ళు వినాలి. ఎదురెదురుగా కూర్చుని ఒకే తాళానికి ఇంతమంది బొటనవేళ్ళు కదలడం ఆ ఆదివారమే చూశాను. మాస్టారూ, మీకు పాదాభివందనం.

వయొలిన్ నేర్చుకుంటున్న ధర్మవరం అమ్మాయికి ప్రత్యేకంగా చెప్పాలి. 1960లలో ఇంగ్లండు గిటారిస్టు డేవీ గ్రాహం ప్రచారంలోకి తెచ్చిన డాడ్‌గాడ్ శ్రుతి నాకు చాలా ఇష్టం. ఆరో తీగ నుంచి మొదటి తీగ దాకా డి, ఎ, డి, జి, ఎ, డి. ఆ అమ్మాయి విని, డి షడ్జమైతే ఇవి స ప స మ ప స కదా అక్కా, తంబురా ఒళ్ళో ఉన్నట్టే అంది. మోహన రాగం వాయిద్దాం అని కూర్చున్నాం. మోహనలో మధ్యమం లేదు, మూడో తీగేమో ఊరికే మీటితే మధ్యమమే పలుకుతుంది. దాన్ని ఏం చెయ్యాలని ఇద్దరం తల పట్టుకున్నాం. రెండో ఫ్రెట్టు దగ్గర నొక్కి ఉంచితే అది పంచమం అవుతుందని ఆ అమ్మాయే కనిపెట్టింది. ఒక వేలు అక్కడ కాపలా ఉంటే మిగతా వేళ్ళు స్వేచ్ఛగా తిరగవచ్చు. ధైవతం నుంచి పై షడ్జానికి జారు ఎంత నెమ్మదిగా వెళ్ళాలో వయొలిన్ మీద వాయించి చూపించి, నేను తీగ మీద వేలు జరిపిన ప్రతిసారీ "ఇంకా నిదానం అక్కా" అంటూనే ఉంది. ఆ పిల్ల చెవికి నేను తలవంచుతాను.

మేడ ఇచ్చి, చాపలు పరిచి, అడగకుండానే అందరికీ మజ్జిగ పంపిన ఆ ఇంటి పెద్దమ్మకు, మేమంతా మేడ ఎక్కినప్పుడల్లా మా అమ్మ పక్కన కూర్చుని కబుర్లు చెప్పిన పక్కింటి వదినకు కూడా నా కృతజ్ఞతలు. వాళ్ళు లేకపోతే నేను ఇల్లు కదిలేదాన్ని కాదు.

కొత్తగా చేరిన ఇద్దరూ బొటనవేలి పాఠం అడిగారు. వచ్చే ఆదివారం మాస్టారి పద్ధతిలోనే మొదటి నుంచి మొదలుపెడదాం. గిటారు లేనివాళ్ళు కూడా రండి, నాది తెస్తాను. అందరికీ సరిపోయేలా చిల్లులు పెట్టిన సబ్బుపెట్టెలు కూడా తెస్తున్నాను, స్పాంజి మాత్రం మీరు తెచ్చుకోండి.