అద్దె ఖాతాలకు అడ్డుకట్ట వేయాలి

సంపాదకులకు నమస్కారం.

ఉగ్రవాదులకు డబ్బు అందకుండా చేయడానికి మనకు చట్టాలకు కొదవ లేదు. చట్టవ్యతిరేక కార్యకలాపాల నిరోధక చట్టం (ఉపా) 51ఎ సెక్షన్ కింద వాళ్ల ఆస్తులు స్తంభింపజేయవచ్చు. 2023 మార్చిలో క్రిప్టో అనే డిజిటల్ కరెన్సీ కొని అమ్మే ఎక్స్ఛేంజీలను కూడా మనీలాండరింగ్ చట్టం పరిధిలోకి తెచ్చారు. ఇవన్నీ అవసరమే. కానీ మన పిల్లల బ్యాంకు ఖాతాలు అంగడి సరుకు కావడం గురించి పట్టించుకునేవాళ్లు తక్కువ.

బెంగళూరులోని మా మారతహళ్లి పీజీల్లో ఉద్యోగాల వేటలో ఉన్న తెలుగు కుర్రాళ్లు ఎందరో. నెలకు ఐదారు వేలు ఇస్తామంటే పాస్‌బుక్, ఏటీఎం కార్డు, పిన్ రాసిన చీటీ, ఖాతాకు లింకైన సిమ్ ఒకే కవర్లో పెట్టి ఇచ్చేస్తున్నారు. ఎందుకంటే గేమింగ్ కంపెనీ లావాదేవీలకట! ‘ఖాళీ ఖాతాయే కదా అంకుల్, నాదేం పోతుంది?’ అని అనంతపురం కుర్రాడొకడు నాతోనే అన్నాడు. బ్యాంకులో పనిచేసి రిటైరైన నాకు ఆ మాట వింటే గుండె దడదడలాడింది.

ఇలాంటి ఖాతాలు ఎక్కువగా సైబర్ మోసగాళ్ల చేతికే వెళ్తాయి, నిజమే. అంతకంటే ప్రమాదకరమైనవాళ్ల చేతికి వెళ్లినా ఇచ్చినవాడికి తెలిసే దారి లేదు. 2024 మార్చి 1న మాకు దగ్గర్లోనే, ‘రామేశ్వరం కెఫే’ అనే హోటల్లో బాంబు పేలింది. నిందితులకు క్రిప్టోలో డబ్బు అందిందని, టెలిగ్రామ్ ద్వారా దాన్ని నగదుగా మార్చుకున్నారని, మోసపూరితంగా సంపాదించిన సిమ్‌లు, బ్యాంకు ఖాతాలు వాడారని జాతీయ దర్యాప్తు సంస్థ (ఎన్‌ఐఏ) తన అభియోగపత్రంలో పేర్కొంది.

అద్దె ఖాతాలను పసిగట్టేందుకు రిజర్వు బ్యాంకు ఇన్నోవేషన్ హబ్ ‘మ్యూల్‌హంటర్’ అనే సాఫ్ట్‌వేర్‌ను తయారుచేసింది. ఆ హబ్ ఉన్నది బెంగళూరులోనే. అయితే అది పట్టుకునేది డబ్బు కదిలాక. కుర్రాడు కవరు ఇవ్వకముందే ఆపాలంటే ఖాతా తెరిచే రోజే కౌంటర్ దగ్గర తెలుగులోనో కన్నడంలోనో రెండు ముక్కలు గట్టిగా చెప్పాలి. సంతకాలు పెట్టించుకునే కాగితాల దొంతరలో ఆ హెచ్చరిక ఎవరూ చదవరు.

ఇప్పటికే ఇచ్చేసినవాళ్లది ఇంకో బాధ. కేసు పడుతుందనే టెన్షన్‌తో నోరు విప్పరు, ఖాతా మాత్రం నడుస్తూనే ఉంటుంది. తమంతట తాము వచ్చి చెప్పినవాళ్ల ఖాతాను బ్యాంకు అదే రోజు మూసేయాలి. వాళ్లను నిందితుల్లా కాక సాక్షుల్లా చూసే ఏర్పాటు పోలీసులు చేయాలి. పీజీ యజమానులు, మన తెలుగు సంఘాలు ఈ సంగతి కుర్రాళ్లకు ఈ నెలలోనే చెప్పాలని కోరుతున్నాను.

– ఒక విశ్రాంత బ్యాంకు ఉద్యోగి, మారతహళ్లి, బెంగళూరు