గ్యాసు అనే ముందు ఒక ఈసీజీ తీయమనండి

రాష్ట్ర వైద్య ఆరోగ్య శాఖ మంత్రి గారికి,

నమస్కారం సార్. నేను ఆదోనిలో ఒక పత్తి జిన్నింగు ఫ్యాక్టరీలో తూకాలు రాసే గుమాస్తాను. ఊరు ఆ పక్కనే ఒక పల్లె. చదివింది ఇంటరు. వైద్యం గురించి మీకు చెప్పేంతవాణ్ణి కాను. కానీ రెండేళ్లలో మా ఇంట్లో రెండు ఎదనొప్పులు చూశాను. ఒకటి మా బావది, ఇంకోటి నాది. అందుకే ఈ ఉత్తరం.

బావకు 46 ఏళ్లు, షుగరుంది. ఏటా గుంటూరు వైపు మిరపకోతకు సుగ్గికి పోతాడు. నిరుడు ఉగాదికి ఇల్లు చేరాడు. వచ్చిన నాలుగో రోజు రాత్రి పదకొండింటికి మా అక్క ఫోను చేసింది. పోయి చూస్తే అరుగు మీద గోడకు ఆనుకుని కూర్చున్నాడు. ఒంటిమీది బనీను పిండితే నీళ్లు కారేటట్టుంది. ‘నొప్పా బావా?’ అంటే, ‘నొప్పి కాదురా, బరువు. ఎద మీద మిరపకాయల టిక్కీ పెట్టినట్టుంది’ అన్నాడు. ఎడమ దవడ లాగుతోందని కూడా అన్నాడు. అది పంటినొప్పి అనుకున్నాం. సాయంత్రం ఉగ్గాని, మిరపకాయ బజ్జీ తిన్న మనిషి కదా, ఇంకేముంటుంది, గ్యాసే అని ఇంటిల్లిపాదీ తీర్పు చెప్పేశాం. ఈనో కలిపి ఇచ్చాం, సోడా తాగించాం. తర్వాత ఆర్‌ఎంపీ వచ్చి గ్యాసు ఇంజెక్షను వేశాడు. ఆయన్ని నేను తప్పు పట్టను. అర్ధరాత్రి తలుపు కొడితే తీసే మనిషి మా ఊళ్లో ఆయనొక్కడే.

నాలుగింటికి ఇక లాభం లేదని దగ్గర్లోని ఒక ఆస్పత్రికి తీసుకుపోయాం. ఈసీజీ మిషను ఉంది, దుమ్ము పడకుండా పూలగుడ్డ కప్పి. గుడ్డ తీశారు, ఎద మీద జిగురు పూశారు, రబ్బరు బుడ్డీలు అతికించారు, మీట నొక్కారు. మిషను గుర్రుమంది. కాగితం రాలేదు. రోలు అయిపోయిందట. ‘ఇండెంటు పెట్టినాం, ఇంకా రాలే’ అన్నాడు ఆ పిల్లోడు, తన తప్పేమీ లేకపోయినా తల దించుకుని.

సార్, మా ఫ్యాక్టరీలో వేబ్రిడ్జి మిషనుకు కూడా కాగితం రోలే. సగం అయ్యేసరికి ఇంకోటి సొరుగులో లేకపోతే మా సేఠు ఊరుకోడు. చీటీ రాకపోతే లోడు కదలదు మరి.

కర్నూలు పెద్దాసుపత్రి మాకు దాదాపు 100 కిలోమీటర్లు. 108లో చేరేసరికి ఎనిమిదైంది, అంటే బరువు మొదలై తొమ్మిది గంటలు. రక్తనాళంలో గడ్డ కట్టి గుండె కండకు రక్తం అందకపోతే ఆ కండ నిమిషాల లెక్కన చచ్చిపోతూ ఉంటుందనీ, గడ్డ కరిగించే ఇంజెక్షను మొదటి రెండు మూడు గంటల్లో చేసినంత మేలు తర్వాత చేయదనీ, 12 గంటలు దాటితే దాదాపు దండగేననీ డాక్టరు చెప్పాడు. షుగరున్నవాళ్లకూ, ఆడవాళ్లకూ గుండెపోటు నొప్పిలా కాకుండా ఆయాసం, వాంతి, చెమట, దవడ లాగడంలా కూడా వస్తుందని అక్కడే విన్నాను. మూసుకున్న నాళాన్ని తెరిచి ఉంచే స్టెంటు ఆరోగ్యశ్రీ కార్డు మీదే వేశారు. ఇప్పుడు ఆ పథకం పేరు ఎన్టీఆర్ వైద్య సేవ అట, మా ఊళ్లో ఇంకా ఆరోగ్యశ్రీ కార్డే అంటారు. బావ బతికాడు. కానీ గుండె పంపింగు తగ్గింది. బిందె ఎత్తితే ఆయాసం.

చిన్న ఆస్పత్రిలోనే ఈసీజీ తీసి, దాన్ని ఫోన్లో గుండె డాక్టరుకు పంపి, ఆయన సరేనంటే అక్కడికక్కడే గడ్డ కరిగించే టెనెక్టిప్లేస్ ఇంజెక్షను ఉచితంగా వేసే ఏర్పాటు మన రాష్ట్రంలో ఉంది. బయట కొనాలంటే వేలకు వేలు పోయాల్సిన మందు అది. మంచి ఏర్పాటు, కాదనను. అయితే అది మొదలయ్యేదే ఆ కాగితం ముక్కతో. రోలు లేని చోట ఆ ఇంజెక్షను ఫ్రిజ్‌లో ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటే.

ఇక నా సంగతి. బావకు అలా జరిగిన ఎనిమిది నెలలకు నాకూ ఎడమ రొమ్ములో పొడుపు మొదలైంది. ఈసారి సోడా జోలికి పోలేదు, నేరుగా ఆస్పత్రికి పరుగు. ఈసీజీ బాగుంది. ట్రోపోనిన్ అనే రక్తపరీక్ష చేసి బాగుందని పంపేశారు. గుండె కండ దెబ్బతింటే రక్తంలోకి వచ్చే పదార్థం అది. మొదటి గంటల్లో తెలియకపోవచ్చు, కొన్ని గంటలాగి మళ్లీ చూడాలి అని నాకు తర్వాత తెలిసింది. ఆ పూట ఎవరూ ఆగమనలేదు. ‘నీకేమీ లేదు, టెన్షన్ పడొద్దు’ అన్నారు. ఏమీ లేకపోతే నొప్పి ఎక్కణ్ణుంచి వస్తోంది? కర్నూలు పోయాను, బళ్లారి పోయాను. ఎకో, ట్రెడ్‌మిల్లు, ఎండోస్కోపీ, మళ్లీ ఎకో. ప్రతిచోటా అదే మాట, ఏమీ లేదు. రాత్రిళ్లు నిద్రపట్టక నాడి పట్టుకుని లెక్కపెట్టుకునేవాణ్ణి. ఖర్చు చెప్పుకుంటే సిగ్గు, రెండు నెలల జీతం.

చివరికి ఒక సర్కారు ఆస్పత్రిలో హౌస్‌సర్జన్ అమ్మాయి ఏ మిషనూ పెట్టలేదు. రొమ్ము ఎముక పక్కన, పక్కటెముక కలిసే చోట వేలితో నొక్కింది. కెవ్వుమన్నాను. ‘ఇదేనా అన్నా మీ నొప్పి?’ అంది. అదే. పక్కటెముకల దగ్గరి మెత్తటి ఎముక వాచిందట. ఈమధ్య బరువేమైనా ఎత్తారా అంటే గుర్తొచ్చింది, హమాలీలు రాని రోజు బేళ్లు జరిపాను. మూడు వారాల్లో తగ్గింది. తగ్గించింది ఆ మాత్రల కన్నా, దానికి ఒక పేరుందని తెలియడమే అని నా అనుమానం.

ఆ అమ్మాయే చెప్పింది, ఎదనొప్పికి కారణాలు బోలెడన్ని. కడుపులో పులుపు పైకి తన్నినా వస్తుంది, అన్నవాహిక పట్టేసినా వస్తుంది, పిత్తాశయంలో రాళ్లున్నా వస్తుంది. సర్పి లేచేముందు పొక్కులు కనిపించకముందే ఒక పక్క మండుతుంది. భయం ముదిరితే ఎద బిగుసుకుని చేతులు తిమ్మిరెక్కుతాయి, అదీ నిజమైన బాధే, నాటకం కాదు. వీటిలో చాలావాటికి తీరిగ్గా వైద్యం చేసుకోవచ్చు. కానీ ఊపిరితిత్తుల్లో గడ్డ చిక్కుకున్నా, పెద్ద ధమని పొర చీలినా, ఊపిరితిత్తి కుంచించుకుపోయినా గుండెపోటులాగే ఆగడానికి వీల్లేదు. అరుగు మీద కూర్చున్న మనిషికి ఇది ఆ నొప్పా, ఈ నొప్పా అని ఎలా తెలుస్తుంది? నాకు తెలియలేదు, ఆర్‌ఎంపీకి తెలియలేదు. తెలియాల్సిన పని మాది కాదు కూడా. 108కు ఫోను చేయడం మా పని, తేల్చడం మీ ఆస్పత్రుల పని.

అందుకని అడుగుతున్నాను. ఎదనొప్పి అని ఏ ఆస్పత్రికి ఎవరొచ్చినా, రాత్రైనా పగలైనా, ఓపీ చీటీ కన్నా ముందు పది నిమిషాల్లో ఈసీజీ తీయాలి. వైద్య పుస్తకాల్లో ఉన్న లెక్కే అది, నా సొంతం కాదు. మిషన్లు ఎన్నున్నాయో మీ రికార్డుల్లో ఉంటాయి. వాటిలో రోలు ఎన్నింటికుంది, రాత్రి డ్యూటీలో మీట నొక్కే మనిషి ఎక్కడెక్కడున్నాడు, అది ఒక్కసారి లెక్క తీయించండి. ఆర్‌ఎంపీలను తిట్టి లాభం లేదు, పిలిచి ఒక పూట కూర్చోబెట్టండి. చెమటతో ఎద బరువు అన్నవాడికి గ్యాసు ఇంజెక్షను వేయకుండా ముందు 108కు ఫోను చేయాలని వాళ్లకు నేర్పితే మా పల్లెల్లో సగం పని అయినట్టే.

ఇంకోటి. ఈసీజీ బాగుందని ఇంటికి పంపేవాళ్ల చేతికి తెలుగులో ఒక చీటీ ఇప్పించండి. ఏం చూశారు, ఏది కాదని తేలింది, ఏది ఇంకా తేలలేదు, ఏమైతే వెంటనే మళ్లీ రావాలి. నాలుగు వాక్యాలు చాలు. ‘ఏమీ లేదు’ అనే మాట నాకు రెండు నెలల జీతం ఖరీదు చేసింది సార్.

బావ ఈ ఏడు సుగ్గికి పోడు, వాళ్ల పెద్దోడు పోతానంటున్నాడు. ఈసీజీ రోలు వచ్చిందేమోనని పోయిన వారం మళ్లీ ఆ ఆస్పత్రికి పోయి చూశాను. పూలగుడ్డ మాత్రం ఉతికి కప్పారు.

ఇట్లు,
ఒక తూకాల గుమాస్తా,
ఆదోని, కర్నూలు జిల్లా