స్టీరింగ్ కోడింగ్ చేయించుకున్నవాళ్లు ఒకసారి షెడ్డుకు రండి

మా కస్టమర్లందరికీ నమస్కారం.

గత ఏడాదిన్నరలో మా బెంగళూరు షెడ్డులో 23 బండ్లకు స్టీరింగ్ కోడింగ్, అంటే బండి కంప్యూటర్‌లో నంబర్ మార్చి స్టీరింగ్ బరువు పెంచడం, చేశాం. వాటిలో మీ బండి ఉంటే ఈ నెలాఖరులోపు ఒకసారి తీసుకురండి. డబ్బులేమీ తీసుకోను. ఎందుకు రమ్మంటున్నానో, నా వల్ల ఏం పొరపాటు జరిగిందో దాచకుండా చెప్తాను. ఒక్కొక్కరికీ ఫోన్ చేసి చెప్పడం మొదలుపెట్టాను గానీ, ట్రాఫిక్‌లో ఉన్నవాళ్లకి, మీటింగ్‌లో ఉన్నవాళ్లకి సగం సగమే చెప్పగలిగాను. అందుకే ఇలా రాస్తున్నాను.

జూన్‌లో ఒక రెండో తరం ఆడి టీటీ కారు వచ్చింది. ఓనర్‌ది నెల్లూరు, ఇక్కడ సర్జాపూర్ రోడ్డులో ఉంటారు. ఆదివారం తెల్లవారకముందే లేచి బాగేపల్లి దాకా వెళ్లి, టిఫిన్ చేసి, ఎండెక్కేలోపు తిరిగి రావడం ఆయనకు ఇష్టం. "దేవనహళ్లి దాటి హైవే మీద వంద తగిలిందంటే స్టీరింగ్ చేతిలో ఉన్నట్టే ఉండదన్నా. తేలిపోతా ఉంటాది. కాస్త బరువు పెట్టు" అన్నారు. నేను స్కానర్ పెట్టాను, నంబర్ మార్చాను, పది నిమిషాల్లో అయిపోయింది. 3,500 తీసుకున్నాను. ఆయన ఒక రౌండ్ వేసి వచ్చి చాలా సంతోషపడ్డారు. నేనూ సంతోషపడ్డాను.

ఏం మార్చానో చెప్పకపోతే తర్వాత జరిగింది అర్థం కాదు. ఈ బండ్లలో స్టీరింగ్‌కి ఆయిల్ పంపు ఉండదు. రాక్‌కి, అంటే ముందు చక్రాలను తిప్పే పళ్ల కడ్డీకి, ఒక కరెంటు మోటారు బిగించి ఉంటుంది. మీరు స్టీరింగ్ తిప్పగానే లోపలున్న సన్నటి కడ్డీ ఒకటి కొద్దిగా మెలిపడుతుంది. ఎంత మెలిపడిందో సెన్సర్ కొలుస్తుంది. దాన్నీ, బండి వేగాన్నీ, స్టీరింగ్ ఎంత తిరిగిందన్నదాన్నీ చూసుకుని మోటారు ఎంత సాయం చేయాలో కంప్యూటర్ తేలుస్తుంది. ఆ లెక్క ఉన్న పట్టికనే మేం మ్యాప్ అంటాం. ఈ టీటీ, ఐదో తరం ఫోక్స్‌వ్యాగన్ గోల్ఫ్ కారు ఒకే ప్లాట్‌ఫారం (కింది చట్రం) మీద పుట్టినవి కాబట్టి గోల్ఫ్ లెక్క చెప్తాను. దాని స్టీరింగ్ కంప్యూటర్‌లో 16 దాకా మ్యాపులు పడతాయి, గోల్ఫ్‌కి వాడింది 8. బండి బరువెంతో చూసి ఫ్యాక్టరీలో అందులో ఒకటి ఎంచి పెడతారు. బరువైన బండికి మోటారు సాయం ఎక్కువ, తేలిక బండికి తక్కువ. మేం చేసేదల్లా 44వ మాడ్యూల్‌లోకి, అంటే స్టీరింగ్ మాడ్యూల్‌లోకి వెళ్లి, సాయం తక్కువుండే మ్యాప్ నంబర్ పెట్టడం. అందరం కోడింగ్ అంటాం గానీ దీని అసలు పేరు అడాప్టేషన్.

ఇప్పుడు అసలు సంగతి. ఒక్కో మ్యాప్‌లో, ఏ వేగంలో ఎంత సాయమో చెప్పే ఐదు గీతలుంటాయి. ఉదాహరణకు 0, 15, 50, 100, 250 కిలోమీటర్ల వేగాలకు ఒక్కొక్కటి. మ్యాప్ మారిస్తే ఐదూ కలిసే మారతాయి. వంద దగ్గరి గీత ఒక్కటీ మార్చి మిగతావి వదిలేసే వీలు ఈ పద్ధతిలో లేదు. హైవే మీద బరువు కావాలంటే పార్కింగ్‌లో కూడా బరువు మోయాల్సిందే. ఈ సంగతి నాకు తెలుసు. ఆయనకు చెప్పలేదు. ఆదివారం రెండు గంటలు బాగేపల్లి రోడ్డు మీద తిరిగే బండి, మిగతా వారమంతా సర్జాపూర్ రోడ్డులో సున్నాకీ పదిహేనుకీ మధ్యే పాకుతుందని అడిగి ఉంటే తెలిసేది. అడగలేదు.

పది రోజుల తర్వాత ఆయన భార్య ఫోన్ చేశారు. "అన్నా, మీరేం చేశారో గానీ బేస్‌మెంట్‌లో బండి పెట్టేటప్పుడు భుజం పట్టేస్తోంది. మాది రెండు పిల్లర్ల మధ్య ప్లేసు. నాలుగుసార్లు ముందుకీ వెనక్కీ తిప్పితే గానీ పట్టదు. పాతదే పెట్టేయండి."

సరే రండమ్మా అన్నాను. బండి వచ్చాక లాప్‌టాప్ ముందు కూర్చుని పాత జాబ్ కార్డు తీశాను. దాని మీద నా చేతిరాతతో "స్టీరింగ్ కోడింగ్, 3,500" అని ఉంది, అంతే. పాత నంబర్ లేదు. ఆటో స్కాన్ రిపోర్ట్ సేవ్ చేసి ఉంది కదా అని ధైర్యంగా తెరిచాను. ఆటో స్కాన్‌లో మాడ్యూల్ కోడింగ్ వస్తుంది, ఫాల్ట్ కోడ్‌లు వస్తాయి, అడాప్టేషన్ విలువలు రావు. వాటికి కంట్రోలర్ ఛానల్స్ మ్యాప్ అని వేరే రిపోర్ట్ తీయాలి. దానికి టైం పడుతుందని నేనెప్పుడూ తీయలేదు. ఆ టీటీ ఒక్కదానికే కాదు, 23 బండ్లలో దేనికీ తీయలేదు. అది తెలిసిన క్షణం నాకు కాళ్లూ చేతులూ ఆడలేదు.

అక్కడే ఆగి, రేపు చూద్దాం అని ఉంటే సగం గొడవ తప్పేది. ఇగ్నిషన్ ఆన్‌లో పెట్టి గంటసేపు ఒక్కో నంబర్ పెట్టి చూస్తూ కూర్చున్నాను. చార్జర్ తగిలించలేదు. బ్యాటరీ ఎంత పాతదో చూడలేదు. స్టార్ట్ చేయబోతే టక్ టక్‌మని ఆగిపోయింది. జంప్ కేబుల్ వేసి స్టార్ట్ చేస్తే మీటర్‌లో ఎర్రటి స్టీరింగ్ గుర్తు. ఈ రకం స్టీరింగ్‌లో వోల్టేజ్ 9 కంటే కిందికి పడిపోతే మోటారు సాయం తగ్గిపోతూ చివరికి ఆగిపోతుంది, ఎర్ర లైటు వస్తుంది. అప్పుడు కూడా స్టీరింగ్‌కీ చక్రాలకీ ఇనుప కడ్డీల బంధం అలాగే ఉంటుంది కాబట్టి బండి తిరుగుతుంది, కాకపోతే రెండు చేతుల బలం కావాలి. ఆ స్థితిలో దాన్ని రోడ్డెక్కించలేదు. వాళ్లిద్దరినీ క్యాబ్‌లో ఇంటికి పంపాను. ఆవిడ ఒక్క మాట కూడా అనలేదు. నాలుగు మాటలు అని ఉంటే నాకు తేలికగా ఉండేది.

మర్నాడు కొత్త బ్యాటరీ వేశాక ఎర్ర లైటు పోయి పసుపు లైటు మిగిలింది. బ్యాటరీ తీసి పెట్టినప్పుడు స్టీరింగ్ యాంగిల్ సెన్సర్ తన మధ్య స్థానాన్ని మళ్లీ గుర్తుపట్టాలి. కొద్ది దూరం 15, 20 వేగంతో నేరుగా నడిపితే లైటు దానంతట అదే ఆరాలి. షెడ్డు వెనక రోడ్డులో నడిపాను, ఆరింది. నంబర్ మాత్రం దొరకలేదు. చివరికి, అదే ఇంజిన్, అదే పార్ట్ నంబర్ స్టీరింగ్ ఉన్న ఇంకో టీటీ మా పాత కస్టమర్ ఒకరి దగ్గర ఉందని గుర్తొచ్చింది. సంగతంతా చెప్పి అడిగితే, ఆయన శనివారం ఇందిరానగర్ నుంచి బండి తెచ్చి చదవనిచ్చారు. ఆ బండికి స్టీరింగ్ కోడింగ్ ఎప్పుడూ చేయించలేదు కాబట్టి అందులో ఉన్నది ఫ్యాక్టరీ నంబరే. అది చూసి ఇందులో పెట్టాను. మొత్తం ఆరు రోజులు వాళ్ల బండి నా దగ్గరే ఉంది.

ఆ ఆరు రోజుల్లో ఇంకోటి బయటపడింది. నన్ను ఎక్కువ బాధపెట్టింది ఇదే. మా దగ్గర అలైన్‌మెంట్ చూసే అన్న ఖాళీగా ఉన్నప్పుడు బండి లిఫ్ట్ మీదికెక్కించి ముందు టైరు లోపలి వైపు చేయి పెట్టి తడిమి, నన్ను పిలిచారు. బయటి నుంచి చూస్తే టైరు బాగానే ఉంది, గాడులు కనిపిస్తున్నాయి. లోపలి అంచు మాత్రం నున్నగా అరిగిపోయి, వేలితో రాస్తే రంపపు పళ్లలా గుచ్చుకుంటోంది. పక్కన అచ్చు గుద్దిన నాలుగంకెలు 1116. అంటే 2016లో పదకొండో వారం తయారైన టైరు. గాలి చూస్తే 42 ఉంది, డోరు దగ్గర స్టిక్కర్ మీద రాసినదానికంటే బాగా ఎక్కువ. అలైన్‌మెంట్ మిషన్ మీద పెడితే ముందు చక్రాలు రెండూ బయటికి తెరుచుకుని ఉన్నాయి. మన ఊరి గుంతలకీ స్పీడ్ బ్రేకర్లకీ ఇది మామూలే. ముందు చక్రాలు ఇలా బయటికి పోయిన బండి వేగంలో అటూ ఇటూ వెతుక్కుంటూ పోతుంది. ఆయన తేలిపోతోంది అన్నది దీన్నే. స్టీరింగ్ మోటారుకి దీంతో ఏ సంబంధమూ లేదు. నేను బరువు పెంచి ఆ రోగాన్ని కప్పెట్టాను.

ముందు టైర్లు రెండూ మార్చి, గాలి సరిచేసి, అలైన్‌మెంట్ చేసి, ఫ్యాక్టరీ మ్యాప్ మీదే ఆయనతో కలిసి దేవనహళ్లి దాటి వెళ్లాను. ఆయనే నడిపారు. టోల్ దాటి కాసేపయ్యాక "ఇదన్నా నేను అడిగింది" అన్నారు. టైర్ల డబ్బు ఆయనిచ్చారు. బ్యాటరీ, అలైన్‌మెంట్, క్యాబ్ ఖర్చు నేను పెట్టుకున్నాను, 3,500 వెనక్కిచ్చాను.

తర్వాత ఫోన్లు చేస్తే, ఆ టీటీతో కలిపి ఇప్పటికి తొమ్మిది బండ్లు వచ్చాయి. నాలుగింటికి అలైన్‌మెంట్ బాగా పోయి ఉంది. ఒక బండికి టై రాడ్ ఎండ్‌లో, అంటే రాక్‌ని చక్రానికి కలిపే కీలులో, ప్లే (వదులు) ఉంది, అది బరువు స్టీరింగ్ కింద తెలియకుండా దాగిపోయింది. దీన్ని తలుచుకుంటే ఇప్పటికీ భయం వేస్తుంది. ముగ్గురు మాత్రం బరువు స్టీరింగే బాగుంది, ఉంచేయమన్నారు. అన్నీ చూసి, ఏ లోపమూ లేదని తేల్చుకున్నాకే ఉంచాను. కోడింగ్ పనికిమాలినదని నేననను. బండి అన్నివిధాలా బాగుండి, నడిపే మనిషికి బరువు స్టీరింగే ఇష్టమైతే అది మంచి పనే. నాకూ ఆ బరువే ఇష్టం.

అందుకని ఇక మీదట మా పద్ధతి మారుస్తున్నాను. స్టీరింగ్ తేలికగా ఉందనో బరువుగా ఉందనో ఎవరొచ్చినా ముందు టైర్లు, గాలి, అలైన్‌మెంట్, బుష్‌లు (సస్పెన్షన్ రబ్బర్లు), బ్యాటరీ చూస్తాం. దీనికి 1,800 అవుతుంది, రెండు గంటలు పడుతుంది. ఆ తర్వాత బండి తీసుకెళ్లి ఒక వారం నడపమంటాం. అప్పటికీ కావాలంటేనే కోడింగ్. చేసేటప్పుడు చార్జర్ తగిలించే చేస్తాం, స్టీరింగ్ మాడ్యూల్ అడాప్టేషన్ విలువలన్నీ ముందే తీసి ఒక కాపీ మీ ఫోన్‌కి పంపుతాం. అది మా దగ్గర పోయినా మీ దగ్గర ఉండాలి. ఆ బండి ఇంట్లో ఇంకెవరు నడుపుతారో వాళ్లు కూడా ఒకసారి పార్కింగ్‌లో తిప్పి చూడాలి. వాళ్లు వద్దంటే వద్దు.

కొన్ని పనులు ఇక చేయం. మీటర్‌లో స్టీరింగ్ లైటు ఉన్న బండికి, యాక్సిడెంట్ అయి రాక్ మారిన బండికి, కంపెనీ వారంటీలో ఉన్న బండికి కోడింగ్ చేయం. ఆన్‌లైన్‌లో చవక కేబుల్ కొని తెచ్చి, పక్కన కూర్చుని నంబర్ చెప్పమనేవాళ్లకి కూడా నమస్కారం పెట్టి పంపేస్తాను, ఏమీ అనుకోవద్దు. మూడో తరం టీటీ ఉన్నవాళ్లు ముందు డ్రైవ్ సెలెక్ట్‌లో (బండి నడిచే తీరు మార్చే మెనూలో) డైనమిక్ పెట్టి ఒక నెల నడిపి చూడండి, ఆ బరువు చాలామందికి సరిపోతుంది. ఆడి, ఫోక్స్‌వ్యాగన్ ఉన్న ఈ కంపెనీ గ్రూపులోనే 2020 నుంచి వస్తున్న కొన్ని మోడళ్లలో ఇలాంటి మార్పులకు కంపెనీ సర్వర్ అనుమతి కావాలి, అవి మా దగ్గర అవ్వవు.

ఈ నెలలో ఆదాయం తగ్గుతుంది. కోడింగ్ కోసం వచ్చినవాళ్లలో సగం మంది అలైన్‌మెంట్‌తోనే వెనక్కి వెళ్తున్నారు. మా కుర్రాళ్ల జీతాల్లో మాత్రం ఏమీ తగ్గించను.

ఇంకా రావాల్సిన 14 మందికి: సోమవారం తప్ప ఏ రోజైనా ఉదయం పదికల్లా రండి, మధ్యాహ్నానికి ఇచ్చేస్తాం. ఫ్యాక్టరీ మ్యాప్ తిరిగి కావాలనుకునేవాళ్లు ఒక రోజు ముందు ఫోన్ చేసి చెప్పండి. అదే మోడల్, అదే పార్ట్ నంబర్ ఉన్న బండి ఇంకోటి వెతికి చదవాలి కాబట్టి కొందరికి వారం పట్టొచ్చు. నంబర్ దొరికేదాకా అంచనాతో ఏదీ మార్చను. స్టీరింగ్ కోడింగ్ ఎప్పుడూ చేయించని రెండో తరం టీటీ మీ దగ్గర ఉండి, పది నిమిషాలు చదవనిస్తే పెద్ద సాయం చేసినవాళ్లవుతారు. అందులో ఏమీ మార్చం, చదివి రాసుకుంటాం అంతే, మీ ముందే.