పిలకాయల్ని అడిగిపోయినవాళ్ళు జవాబు ఇంటికి తెచ్చియ్యాల

సంపాదకులకు నమస్కారం.

నేను తిరుపతి కొర్లగుంటలో జాకెట్లు కుడతాను. పేపరుకి ఎప్పుడూ రాసినదాన్ని కాదు. మా వీధి ఆడవాళ్ళం ఒకే విషయం మీద రోజూ కొట్లాడుకుంటా ఉన్నాము. అది మా అరుగుల మీద తేలేట్టు కనిపించక మీకు రాస్తున్నాను.

మా చిన్నోడు సర్కారు బళ్ళో నాలుగో తరగతి. ఆ బడికి యూనివర్సిటీలో పరిశోధన చేసే అమ్మాయి ఒకామె వచ్చింది. చదవడం, రాయడం బాగా కష్టమయ్యే పిలకాయలు ఎవరో కనుక్కోవడం, ఆ కష్టం వాళ్ళ మనసుని ఎట్లా పట్టుకుంటుందో చూడడం ఆమె పని. తల్లిదండ్రులు సంతకం పెడితేనే కూర్చోబెడతాననింది. నేను పెట్టినాను. మా పక్కింటామె పెట్టలేదు. "కన్నబిడ్డని ఎవురైనా ప్రయోగాలకి ఇస్తారా?" అని ఆమె నన్ను కుళాయి కాడ నిలబెట్టి అడిగింది.

మావాడికి నోరు బాగానే ఉంది. హుక్కుల ప్యాకెట్టు ఇంత, మూడు ప్యాకెట్లు ఎంతరా అంటే నేను చాక్‌పీసు తీసేలోపలే చెప్తాడు. పుస్తకం తెరిస్తే మాత్రం వేరే పిల్లోడు. ఒత్తులు ఎగిరిపోతాయి. కత్తి రాయమంటే 'కతి' రాస్తాడు. దీర్ఘం ఉండాల్సిన చోట ఉండదు, వద్దన్న చోటికి వస్తుంది. ఒక టీచరమ్మ సోమరి అనింది. మా అత్త తాయెత్తు కట్టించింది. కళ్ళేమో అనుకుని చూపించినాము, కళ్ళు శుభ్రంగా ఉన్నాయి.

సంతకాల రోజు బడి వరండాలో తల్లిదండ్రులు అడిగినవి రాస్తాను. వాటిని చదువురానోళ్ళ భయాలని కొట్టెయ్యకండి. రక్తం తీస్తారా? ఆధార్ కార్డు ఎందుకు? పిల్లోడి ఫోటో వాట్సాప్‌లో తిరుగుతుందా? ఆటో తోలే ఒకాయన ఇంకా ముందుకి పోయినాడు: "మా పాపకి మెంటల్ అని కాగితం పుట్టిందంటే రేపు పెండ్లికి యాడికి పోయేది మేడం?" ఎవరూ నవ్వలేదు. అందరి కడుపులో ఉండేది అదే.

ఆ అమ్మాయి ఓపిగ్గా చెప్పింది. రక్తం లేదు, ఆధార్ లేదు, ఫోటో లేదు. జవాబుల కాగితం మీద పేరు ఉండదు, నంబరు ఉంటుంది. ఏ నంబరు ఎవరిదో చెప్పే పట్టీ వేరేచోట తాళంలో ఉంటుంది. మధ్యలో వద్దనుకుంటే ఆపెయ్యొచ్చు, ఆపినందుకు బళ్ళో గానీ ఆసుపత్రిలో గానీ మాకు ఏదీ తగ్గదు. సంతకం పెట్టిన కాగితం నకలు ఒకటి మా చేతికిచ్చింది. ఆ కాగితంలో తెలుగు రిజిస్టర్ ఆఫీసు దస్తావేజు మాదిరి ఉంది, అది వేరే సంగతి. ఆమే గట్టిగా చదివి విడమరిచింది.

ఇదంతా ఆమె మంచితనం అనుకున్నాను. కాదంట. మా పెద్దమ్మాయి డిగ్రీ చదువుతుంది, ఫోన్‌లో వెతికి చదివి వినిపించింది. మనుషుల మీద చేసే పరిశోధనలకి భారత వైద్య పరిశోధన మండలి 2017లో నియమాలు అచ్చేసింది. ఏడేళ్ళు దాటిన పిల్లోణ్ణి కూడా నీకు ఇష్టమేనా అని అడగాల. పన్నెండు దాటితే ఆ ఇష్టం కాగితం మీద ఉండాల. ప్రతి పరిశోధనకీ ముందు ఒక నైతిక కమిటీ ఒప్పుకోవాల. దాని అధ్యక్షుడు ఆ సంస్థకి బయటి మనిషి అయ్యుండాల. కమిటీలో లాయరు ఒకరు, వైద్యం పనిలో లేని మామూలు మనిషి ఒకరు ఉండాలంట. మన ఊళ్ళో ఆ మామూలు మనిషి కుర్చీలో ఆటో తోలేవాళ్ళు, కుట్టుమిషన్ తొక్కేవాళ్ళు ఎప్పుడైనా కూర్చున్నారా అని నాకు ఒక అనుమానం.

మావాణ్ణి కూడా ఆమె అడిగింది. "రానంటే మిస్ కొడతాదా?" అన్నాడు. కొట్టరంటే సరేనన్నాడు. మొదటిరోజు సగంలో "చాలు, ఆటకి పోతా" అని లేచొచ్చేసినాడు. ఆపలేదు. మరుసటిరోజు వాడే పోయి కూర్చున్నాడు. వాడి మాటకి విలువిచ్చిన పెద్దమనిషి బళ్ళో ఆమేనేమో.

అడిగినవి ఏమిటంటే, అర్థం లేని మాటలు చదవడం, రంగులు గబగబా చెప్పడం, అంకెలు వెనక్కి అప్పజెప్పడం, మాటలో ఒక అక్షరం తీసేసి మిగిలింది పలకడం. దీంట్లో ఒక తమాషా జరిగింది. కమలంలో మొదటి అక్షరం తీసేస్తే ఏమొస్తుంది అనింది. ఏమొస్తుందో మీరే చూసుకోండి. మావాడు బెంచీ మీద పడి నవ్వినాడంట, తర్వాత వచ్చిన పిలకాయలంతా ఆ ప్రశ్న కోసమే కాచుకున్నారంట. ఆమె ఆ మాట తీసేసి 'పలక' పెట్టుకుంది. ఇంట్లో అందరం నవ్వుకున్నాము గానీ, నాకు తట్టింది ఇంకొకటి. మన పిలకాయల ముందర పెట్టకుండా అట్లాంటి మాట తప్పని ఎవురికి తెలుస్తుంది?

పక్కింటామెకి నా జవాబు అదే. పిల్లోడికి చదువు రాకపోవడం సోమరితనమా, చెప్పేవాళ్ళ లోపమా, లేక తెలివి ఉండీ చదవడం, రాయడం కష్టమయ్యే, పుట్టుకతో వచ్చిన డిస్‌లెక్సియానా అని తేల్చాలంటే, తెలుగు చదివే అదే ఈడు పిలకాయలు మామూలుగా ఎంత చదువుతారో ముందు తెలియాల. ఆ లెక్క ఇంగ్లీషు పిల్లల నుంచి తెస్తే, ఒకరి ఆది జాకెట్టు పెట్టుకుని ఇంకొకరికి కత్తిరించినట్టే. ఇంగ్లీషుకి 26 అక్షరాలు. మన పిల్లోడు గుణింతాలు, ఒత్తులు అన్నీ దాటుకుని రావాల. అందుకు రెండు మూడేళ్ళు ఎక్కువ పట్టినా అది జబ్బు కాదు. మానేసర్‌లోని జాతీయ మెదడు పరిశోధన కేంద్రం వాళ్ళు మన భాషల పిలకాయలకని డిస్‌లెక్సియా పరీక్ష ఒకటి తయారుచేసి 2015లో బయటపెట్టినప్పుడు అందులో ఉండేది హిందీ, మరాఠీ, కన్నడం, ఇంగ్లీషు. తెలుగు ఆ మొదటి పంక్తిలో లేదు. బెంగళూరులో మానసిక వైద్యం చేసే పెద్ద సంస్థ నిమ్హాన్స్ వాళ్ళు 2015-16లో చేసిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వేకి 12 రాష్ట్రాలు తీసుకున్నారు, ఆంధ్రా వాటిలో లేదు. 13 నుంచి 17 ఏళ్ళ పిల్లల్లో వందకి ఏడుగురికి పైగా ఏదో ఒక మానసిక సమస్య ఉందని ఆ సర్వేలో తేలింది. ఆ వందలో మన పిల్లలు లేరు.

ఎప్పుడూ మనల్ని వదిలేసినారని కూడా అనను. ఆరేళ్ళ నుంచి 23 ఏళ్ళ దాకా సుమారు 9,000 మందితో పిల్లల మనసు, మెదడు ఎదుగుదల మీద నిమ్హాన్స్ ముందుండి నడిపిన 'సీవేదా' అనే అధ్యయనానికి దేశంలో పెట్టుకున్న ఏడు చోట్లలో మన రిషివ్యాలీ ఒకటి, అప్పట్లో అది చిత్తూరు జిల్లానే. మదనపల్లె పక్క పల్లెటూరి పిలకాయలు కూర్చోగలిగినప్పుడు కొర్లగుంట వాళ్ళకి ఏమొచ్చింది?

మా పుట్టిల్లు నగరి. ఇంట్లో అరవం, వీధిలో రెండూ, బళ్ళో తెలుగు, ఇప్పుడు పుస్తకాల్లో ఇంగ్లీషు కూడా. మా అన్న కూతురు తెలుగు చదవడానికి తడుముకుంటుంది. అది భాష కొత్త కావడమా, ఇంకేమైనా ఉందా? కుప్పంలో అయితే కన్నడం కూడా కలుస్తుంది. తిరుపతి టౌను పిలకాయల్ని మాత్రమే లెక్కేసి తెలుగు పిల్లలు ఇంత చదువుతారని రాసేస్తే, నగరి పిల్ల మీద లేని జబ్బు రాసినట్టవుతుంది. ఆ అమ్మాయితో చెప్పినాను, రాసుకుంది.

నన్ను కూడా ప్రశ్నలు అడిగింది. రాత్రి నిద్రపోతాడా, తోటి పిల్లలు ఆటకి పిలుస్తారా, బడికి పోయే ముందు కడుపునొప్పి అంటాడా. సోమవారం సోమవారం అంటాడు. మేము దాన్ని ఆదివారం కోడికూర మీదికి నెట్టేవాళ్ళం. చదవలేని పిల్లోడికి భయం, సిగ్గు, కోపం వెంటే వస్తాయని, ఒకటి పట్టించుకుని ఇంకొకటి వదిలేస్తే పని కాదని ఆమె చెప్పింది. "నేను మొద్దుని కదమ్మా" అని వాడు నాతో అన్నది అప్పుడు ఆమెకి చెప్పినాను. ఇంకెవరికీ చెప్పలేదు.

ఇప్పుడు నా కొట్లాట పరిశోధన చేసేవాళ్ళతో. మా పెద్దమ్మాయి తొమ్మిదో తరగతిలో ఉండగా వాళ్ళ బడికి ఒక బృందం వచ్చి పరీక్షల భయం మీద కాగితాలు నింపించుకుని, పిల్లలతో గ్రూపు ఫోటో దిగి పోయింది. మమ్మల్ని అడగలేదు, హెడ్‌మాస్టరు సరేనన్నాడంట. బడి ఒప్పుకుంటే తల్లిదండ్రులు ఒప్పుకున్నట్టు కాదని ఆ నియమాల్లోనే ఉంది. సరే, అడగలేదు. ఫలితమైనా వచ్చిందా? ఈ రోజుకీ లేదు. మా అమ్మాయి రాసినదాంతో ఎవరికో పట్టా వచ్చుంటుంది, సంతోషం. నిద్ర పట్టడం లేదని కాగితం మీద టిక్కు పెట్టిన పిల్లని తర్వాత ఒక్కరూ పలకరించలేదు. పక్కింటామె బిడ్డ కూడా అదే బడి. ఆమె సంతకం పెట్టకపోవడానికి మూలం అక్కడుంది. వట్టి మూఢత్వం అనుకోకండి.

ప్రైవేటు బళ్ళది ఇంకో రకం. మా కస్టమరు ఒకామె కొడుకు చదివే చోట, ఇట్లాంటి పిల్లలు మా దగ్గర లేరు అని గేటు కాడే పంపించేసినారంట. లేకుండా ఎట్లా ఉంటారు? 2016 వికలాంగుల హక్కుల చట్టంలోని 21 వైకల్యాల్లో ఈ చదువు ఇబ్బంది కూడా ఉంది. దాన్ని తొందరగా కనిపెట్టి తగినట్టు నేర్పాలని అదే చట్టం చెప్తుంది. పరీక్షలో ఎక్కువ సమయం, రాసిపెట్టే మనిషి, రెండో మూడో భాష నుంచి మినహాయింపు కూడా రాసిపెట్టినారు. సర్టిఫికెట్టుకి ఎనిమిదేళ్ళు నిండాలని, 14 ఏళ్ళకి, 18 ఏళ్ళకి మళ్ళీ చూపించుకోవాలని 2018లో వచ్చిన మార్గదర్శకాల్లో అప్పట్లో పెట్టినారు. లేరని రాసుకుంటే ఆ పిల్లలకి ఇవేవీ అందవు.

కాబట్టి పరిశోధన చేసే అమ్మలకి, అయ్యలకి చెప్పేది: రండి, మా పిలకాయల్ని అడగండి. రోజు కూలీ పోగొట్టుకుని పదకొండు గంటలకి రమ్మంటే మాత్రం రాలేము, సాయంత్రాలో ఆదివారాలో పెట్టుకోండి, ఆటో చార్జీ ఇయ్యండి. పిల్లోడి సంగతి వాడి తల్లికి తెలుగులో ఒక పేజీ రాసియ్యండి. ఇబ్బంది కనిపించిన పిల్లోణ్ణి ఎక్కడ చూపించాలో చెప్పి, చేతికి ఒక ఉత్తరం ఇయ్యండి. బళ్ళో టీచరమ్మకి ఏం చెయ్యాలో చెప్పండి, పిల్లోడి పేరు మాత్రం తరగతిలో ఎత్తకండి. జిల్లా విద్యాశాఖ అధికారులు బడిలోకి ఎవరినైనా పంపే ముందు, ఫలితం ఏ నెలలో తెచ్చిస్తారో రాయించుకుంటే సగం కొట్లాట తీరిపోతుంది.

మావాడి కాగితం నెలాఖరుకి ఇస్తానని ఆ అమ్మాయి చెప్పింది, అవసరమైతే రుయా ఆసుపత్రిలో చూపించుకోను ఉత్తరం కూడా రాసిస్తుందంట. వస్తే పక్కింటామెకి చదివి వినిపిస్తాను. రాకపోతే మళ్ళీ మీకే రాస్తాను.

ఇట్లు,
మీ పాఠకురాలు,
కొర్లగుంట, తిరుపతి.