2021–22 వార్షిక నివేదిక: పిల్లల టీకాలు, మన కాలనీ

సభ్యులందరికీ నమస్కారం.

వీధి దీపాలు, మురుగు కాలువ పూడికతీత, ఉగాది పంచాంగ శ్రవణం ఎప్పటిలాగే జరిగాయి. జమాఖర్చులు కోశాధికారి విడిగా చదువుతారు. ఈ ఏడు ఎక్కువ పని పట్టింది పిల్లల టీకాల దగ్గర.

ముందు మన తప్పు రాయాలి. 2020 మార్చిలో లాక్‌డౌన్ పెట్టగానే వీధి మొదట్లో కంప అడ్డం వేసింది మన సంఘమే. కార్యదర్శిగా నేనూ సరే అన్నాను. ఏప్రిల్ చివరికి రాష్ట్రంలో ఎక్కువ కేసులు మన కర్నూలు జిల్లాలోనే ఉన్నాయి, ఆ భయం అలాంటిది. కరోనా ఆగిందో లేదో గానీ టీకాల డబ్బా పట్టుకుని వచ్చే నర్సమ్మ (ఏఎన్‌ఎం) మాత్రం ఆగిపోయింది. కంప తీశాక కూడా తల్లులు ముందుకు రాలేదు. ఐదు జబ్బులు రాకుండా వేసే పెంటావాలెంట్ సూది వేస్తే ఒకటి రెండు రోజులు ఒళ్ళు కాలడం మామూలే. ఆ రోజుల్లో మాత్రం, జ్వరమని తెలిస్తే ఇంటిల్లిపాదినీ క్వారంటైన్‌కు తోలుకుపోతారని టెన్షన్.

ఇది ఒక్క మన ఆదోని సంగతి కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ, యునిసెఫ్ లెక్క ప్రకారం మన దేశంలో డీపీటీ (కంఠసర్పి, కోరింత దగ్గు, ధనుర్వాతం టీకా, పెంటావాలెంట్‌లోనూ ఇదే ఉంటుంది) మూడో డోసు అందిన పిల్లలు 2019లో 91 శాతం, 2020లో 85 శాతం. మొదటి డోసు కూడా పడనివాళ్ళు 14 లక్షల నుంచి 30 లక్షలకు పెరిగారు.

ఈ ఏడు ఆశా కార్యకర్తతో పాటు ఇల్లిల్లూ తిరిగి కార్డులు చూశాం. టీకా వద్దని గట్టిగా చెప్పినవాళ్ళు లేరనే చెప్పాలి. కాన్పప్పుడు ఆసుపత్రిలో వేసే బీసీజీ (క్షయ టీకా), పోలియో చుక్కలు పడ్డాయి. ఖాళీలన్నీ ఆరు, పది, పద్నాలుగు వారాల గడుల్లో, తొమ్మిది నెలల తట్టు టీకా దగ్గర. అవీ ఎక్కువగా సుగ్గికి, అంటే కూలి పనుల కోసం వలస, పోయొచ్చే ఇళ్ళలోనే. మిరప కోతలకు గుంటూరు వైపు పోయేటప్పుడు బియ్యం, గిన్నెలు మూట కడతారు, కార్డు గూట్లోనే ఉంటుంది. అది లేకుంటే అక్కడి నర్సమ్మకు ఏ డోసు బాకీయో ఎలా తెలుస్తుంది? ఒక అవ్వ మనవడి కార్డును ట్రంకుపెట్టెలో భద్రంగా పెట్టి తాళమేసింది. తాళంచెవి కొడుకు మొలతాడుకు గుంటూరులో ఉంది.

ఆలస్యమైతే మళ్ళీ మొదటి నుంచి వేస్తారని చాలామంది భయపడ్డారు. అలా కాదు, ఆగిన చోటి నుంచే వేస్తారు. తట్టు టీకాకు మాత్రం తాత్సారం పనికిరాదు. రక్షణ లేనిచోట ఒక్కరి నుంచి 12 నుంచి 18 మందికి అంటుతుంది. నూటికి 95 మందికి రెండు డోసులూ పడితేనే అదుపులో ఉంటుంది. అమ్మవారని వేపాకు కట్టుకుంటే కాదనం, సూది కూడా వేయించండి.

తప్పిన డోసుల్లో చాలావరకు మార్చిలోగా పడ్డాయి. సుగ్గి నుంచి రావాల్సిన ఇళ్ళు మిగిలాయి.

సభ ముందు రెండు తీర్మానాలు: సుగ్గికి పోయే ప్రతి ఇంటి టీకా కార్డుకూ ముందే ఫోన్లో ఫోటో తీసిపెట్టాలి. ఏ జబ్బు వచ్చినా సరే, బుధ, శనివారాల్లో ఏఎన్‌ఎం వచ్చే దారికి కంప వేయకూడదు.