కిటికీ అద్దాల మీద నీళ్లు: ఇంగ్లండ్‌లోని లెస్టర్‌లో ఉన్న మా అమ్మాయికి

బంగారం,

మొన్న వీడియో కాల్లో నీ మంచం వెనక మూల నల్లగా కనిపించింది, ఏంటమ్మా అంటే నీడ నాన్నా అన్నావు. నాకు బూజు చూస్తే తెలీదా? పొద్దున లేచేసరికి కిటికీకి లోపలివైపు నీళ్లు కారుతున్నాయని, టిష్యూలు పెట్టి తుడుస్తున్నానని అమ్మతో అన్నావంట, దగ్గు కూడా తగ్గట్లేదంట. ఫోన్లో చెబితే సరే సరే అని పెట్టేస్తావు, అందుకే రాస్తున్నా, తీరిగ్గా చదువు.

నేను ఇన్నేళ్లూ మిర్చి కోల్డ్ స్టోరేజీలో చేసిన ఉద్యోగమే ఈ నీళ్లతో పోట్లాట. ఏప్రిల్లో గుంటూరు వేడి గాలి ఛాంబర్లోకి దూరిందంటే తలుపు పక్క గోడకి నిమిషాల్లో చెమట పట్టేస్తది, ఆ తడి టిక్కీలకి, అదే మిర్చి బస్తాలకి, తగిలితే కాయకి బూజు పట్టి రైతు ఏడాది కష్టం పోతది. మీ ఇంట్లో కూడా సరిగ్గా ఇదే జరుగుతోంది, కాకపోతే మాకు తేమ బయట నుంచి వస్తది, మీకు లోపలే పుడుతోంది.

లెక్క చెప్తా విను. 20 డిగ్రీల గాలి ఘనపు మీటరుకి 17 గ్రాముల దాకా నీటి ఆవిరి పట్టుకుంటది, అదే గాలి 5 డిగ్రీలకి చల్లబడితే 7 గ్రాములే పట్టుకోగలదు, మిగతాది వదిలేస్తది. నీ గదిలో 20 డిగ్రీలుండి తేమ 60 శాతం, అంటే గాలి పట్టుకోగలిగిన దాంట్లో 60 శాతం ఆవిరి ఉందనుకో, 12 డిగ్రీల కంటే చల్లగా ఉన్న దేని మీదైనా నీళ్లు దిగుతాయి. గదిలో అన్నిటికంటే చల్లగా ఉండేది అద్దమే కాబట్టి ముందు అక్కడ కనపడతది, తర్వాత మంచం వెనక, బీరువా వెనక వెచ్చటి గాలి తగలని గోడ మూలల్లో. అక్కడ నీళ్లు కారవు గానీ తేమ ఊరుతూనే ఉంటది, బూజుకి అది చాలు. అందుకే అద్దం ఎంత తుడిచినా నీ మూల నల్లబడింది.

మరి ఆ ఆవిరంతా ఎక్కడిది? నలుగురు ఆడపిల్లలు, నాలుగు వంటలు, కుక్కర్ విజిల్స్, రోజూ వేడి నీళ్ల స్నానాలు, రాత్రంతా మీరు వదిలే ఊపిరి. గ్యాస్ మంట మండితే దాన్నుంచి కూడా నీటి ఆవిరి వస్తది. అన్నిటికంటే పెద్దది రేడియేటర్ మీద, అదే గది వెచ్చబెట్టే గోడ హీటర్ మీద, ఆరేసే బట్టలు, ఒక్క వాషింగ్ మెషీన్ లోడు ఆరేసరికి సుమారు రెండు లీటర్ల నీళ్లు గదిలోకి వస్తాయి, చలికి కిటికీ మూసేసుంటే ఆ రెండు లీటర్లూ ఎక్కడికి పోవాలి చెప్పు?

వాన పడుతుంటే కిటికీ తీస్తే ఇంకా తేమ రాదా అన్నావు. మంచి ప్రశ్న, మన ఊళ్లో అయితే నిజంగానే వస్తది, వానాకాలం ఇక్కడి గాలిలో ఘనపు మీటరుకి 20 గ్రాముల పైనే ఉంటది, అందుకే మనకి ముసురు పడితే తలుపులు మూసే అలవాటు. అక్కడ తిరగబడతది. 5 డిగ్రీల గాలి వానలో నిండా తడిసినా 7 గ్రాములే మోస్తది, అది నీ గదిలోకొచ్చి 20 డిగ్రీలకి వేడెక్కితే తేమ 40 శాతానికి దిగిపోతది. అంటే అక్కడి వాన గాలి కూడా నీ గదిని ఆరబెడతది తల్లీ! గంటలు గంటలు తెరిచి పెట్టక్కర్లేదు, పొద్దున ఒక పది నిమిషాలు, వంటయ్యాక ఒక పది నిమిషాలు, ఎదురెదురు కిటికీలు తీస్తే గాలి మారిపోతది, గోడలు చల్లబడవు. కిటికీ ఫ్రేమ్ పైన గాలి ఆడటానికి సన్నటి సందు, ట్రికిల్ వెంట్ అంటారు, ఉంటే దాన్ని ఎప్పుడూ తెరిచే ఉంచు, చలికి టేపు వెయ్యొద్దు.

గిన్నెల మీద మూతలు పెట్టండి, వండేటప్పుడు కిచెన్ తలుపు మూసి గాలి బయటికి లాగే ఫ్యాన్ వెయ్యండి. బాత్రూమ్ ఫ్యాన్ బాగు చేయించాక, స్నానం అయిన ప్రతిసారీ తలుపు మూసి దాన్ని ఇంకో ఇరవై నిమిషాలు తిరగనివ్వండి, బట్టలు కూడా అదే బాత్రూమ్‌లో ఫ్యాన్ వేసి ఆరెయ్యండి. మంచం గోడకి ఒక జానెడు ఎడంగా జరుపు. హీటర్ గంటసేపు బాగా పెంచి ఆపెయ్యడం కంటే తక్కువలో పెట్టి స్థిరంగా ఉంచితే గోడ చల్లబడదు. అద్దం తుడిచిన గుడ్డ సింకులో పిండు, రేడియేటర్ మీద ఆరేస్తే ఆ నీళ్లే మళ్లీ గదిలోకొస్తాయి. గిన్నెలో ఉప్పు పెట్టమని వాట్సాప్‌లో తిరిగేది నమ్మకు, లీటర్ల లెక్కన పుట్టే తేమకి గుప్పెడు ఉప్పు ఏం చేస్తది.

ఇంకో సంగతి, మీ కిటికీకి రెండు పొరల అద్దం ఉండి నీళ్లు ఆ రెండు అద్దాల మధ్యలో ఉంటే అది సీల్ పోయినట్టు, నువ్వు చేసేదేం లేదు, ఓనర్ మార్చాలి.

ఆ నల్లటిది పొడిగా గీకొద్దు, గాల్లో లేచి నీ ఊపిరితిత్తుల్లోకే పోతది. మాస్కు, గ్లవ్స్ వేసుకుని కిటికీ తీసి ఫంగస్ రిమూవర్‌తో తుడువు, బ్లీచ్‌లో ఇంకే క్లీనర్ కలపొద్దు, విష వాయువు వస్తది. ఓనర్ పైన పెయింట్ వేసి దాచేస్తానంటే ఒప్పుకోకండి.

బూజేగా అని తేలిగ్గా తీసుకోకమ్మా. రోచ్‌డేల్‌లో అవాబ్ ఇషాక్ అనే రెండేళ్ల పిల్లాడు 2020 డిసెంబర్లో చనిపోయాడు, ఇంట్లో బూజు వల్లే అని 2022లో కరోనర్, అంటే మరణ కారణం విచారించే అధికారి, తేల్చారు. ఆ బిడ్డ పేరుతో వచ్చిన చట్టం 2025 అక్టోబర్ నుంచి సోషల్ హౌసింగ్‌కి, అంటే కౌన్సిళ్లు, హౌసింగ్ సంస్థలు తక్కువ అద్దెకిచ్చే ఇళ్లకి, అమలవుతోంది. మీది ప్రైవేట్ అద్దె ఇల్లు, అయినా మనిషి ఉండటానికి పనికొచ్చేలా ఉంచాలని 2018 చట్టం మీ ఓనర్‌కీ వర్తిస్తది. బాత్రూమ్ ఫ్యాన్ తిరగట్లేదన్నావుగా, ఫోటోలు తేదీతో సహా పెట్టి మెయిల్ రాయి, నోటిమాట వద్దు. ఏమీ చెయ్యకపోతే కౌన్సిల్‌లో, అంటే మన మున్సిపాలిటీ లాంటి దాంట్లో, ఎన్విరాన్‌మెంటల్ హెల్త్ వాళ్లకి చెప్పండి, భయపడే పనేం లేదు. దగ్గుకి జీపీ, అదే మీ ఏరియా డాక్టర్, దగ్గరికి వెళ్తే ఇంట్లో బూజుందని తప్పకుండా చెప్పు.

తేమ చూపించే చిన్న మీటర్ దొరుకుతది, పెద్ద ఖరీదు కాదు, ఈరోజే ఆర్డర్ పెట్టు. 40 నుంచి 60 శాతం మధ్యలో ఉండాలి. రాత్రి పడుకునే ముందు, పొద్దున లేవగానే రీడింగ్ నాకు పంపు, వారం చూసి డీహ్యుమిడిఫైయర్, అదే గాలిలో తేమ లాగే మిషన్, కావాలో లేదో చెప్తా. కావాలంటే నలుగురూ పంచుకోవాలని చూడకు, నేనే పంపిస్తా డబ్బులు.

నాన్న